పెర్టుసిస్ నెగెటివ్ వచ్చింది, దగ్గు మాత్రం కోరింత దగ్గే: శ్వాసకోశ పీసీఆర్ ప్యానెల్ చేయించాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ టెస్టు ఖరీదైనదే. మాకు 13,000 అయింది. అయినా మళ్ళీ అవసరం పడితే మళ్ళీ చేయిస్తాను. ఎందుకంటారా, అది చెప్పాలంటే మూడు వారాల కథంతా చెప్పాలి. అంత చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు: దగ్గుకి పీసీఆర్ టెస్టు (సూక్ష్మజీవి డీఎన్ఏను వెతికే టెస్టు) రాసిస్తే, డబ్బు కట్టే ముందే ల్యాబ్ వాళ్ళను "మీ టెస్టు ఏ జన్యువును వెతుకుతుంది, పారాపెర్టుసిస్‌ను విడిగా చూపిస్తుందా" అని అడగండి. పెర్టుసిస్ అంటే కోరింత దగ్గు తెచ్చే బ్యాక్టీరియా, పారాపెర్టుసిస్ దాని దాయాది. నేను ఎం.ఎస్సీ మైక్రోబయాలజీ చదివి, ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతూ కూడా ఆ ప్రశ్న అడగలేదు. దాంతో 3,200 రూపాయలు, 9 రోజులు పోయాయి.

మేముండేది హనుమకొండలో. పాపకు ఎనిమిదేళ్ళు. టీకాలన్నీ టైముకే వేయించాం, ఐదేళ్ళప్పుడు వేసే డీపీటీ బూస్టర్‌తో సహా. మొదట ముక్కు కారింది, కొంచెం ఒళ్ళు వెచ్చబడింది, మామూలు జలుబే అనుకున్నాం. వారం తిరిగేసరికి రాత్రిపూట దగ్గు పట్టుకుంది. ఒకసారి మొదలైతే ఇక గుక్క తిప్పుకోనివ్వదు. పది పన్నెండు సార్లు వరసగా దగ్గి, మొహం కందిపోయి, కళ్ళలో నీళ్ళు కారి, చివర్లో లోపలికి ఊపిరి లాక్కునేటప్పుడు గొంతులోంచి ఒక సన్నటి కూత. ఆ వెంటనే వాంతి. తెల్లారితే మాత్రం మామూలుగా ఆడుకుంటుంది, పగలు చూసినవాళ్ళు ఈ పిల్లకు ఏమైందని అంటారు. అత్తమ్మ రెండో రాత్రే చెప్పేసింది, "ఇది కోరింత దగ్గే బిడ్డా, మా తమ్మునికి ఇట్లనే వచ్చింది, నెలల తరబడి పోలే" అని. ఆ రోజు నుంచి ఆమె వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో ఏ రాత్రి ఎన్నిసార్లు దగ్గు తెర వచ్చిందో పెన్సిల్‌తో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. పదో రోజు గడిలో పదకొండు గీతలున్నాయి. అంత చిన్న గడిలో చోటు చాలక రెండు గీతలు పక్క తేదీలోకి పోయాయి.

నా టెన్షన్ పాప గురించి ఒక్కటే కాదు. మా తోటికోడలు పై పోర్షన్‌లోనే ఉంటుంది, వాళ్ళ బాబుకి అప్పటికి ఐదు వారాలు. పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి డోసు వేసేది ఆరు వారాలకు. ఈ దగ్గుతో పెద్దవాళ్ళు, పెద్ద పిల్లలు అవస్థపడి బయటపడతారు గానీ నెలల పిల్లలు దగ్గలేక ఊపిరి ఆగిపోయే స్థితికి వస్తారు. పాపేమో రోజూ తమ్ముడి బుగ్గలు ముట్టుకుని ముద్దులాడేది.

మొదట చూపించిన పిల్లల డాక్టరు అలర్జీ సిరప్, నెబ్యులైజర్ రాశారు. సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించారు, మామూలుగా వచ్చింది. లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) పెరగలేదు కాబట్టి కోరింత దగ్గు అయ్యే అవకాశం తక్కువ అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు, దాని సంగతి కింద చెబుతాను. నా మనసు ఆగక పెర్టుసిస్ పీసీఆర్ రాయించుకున్నాను. పదకొండో రోజున ఒక కలెక్షన్ సెంటర్‌లో శాంపిల్ ఇచ్చాం. పేరు చెప్పను, ఊళ్ళో పేరున్నదే. అక్కడి అబ్బాయి చెక్క పుల్లకి దూది చుట్టిన స్వాబ్ తీసి, పాపను నోరు తెరవమని, గొంతులో ఒకసారి అలా తిప్పి గొట్టంలో వేశాడు. ఐదు సెకన్లు పట్టలేదు. పాప ఏడవలేదు కూడా, పోనీలే పని సులువుగా అయిపోయిందని నేను సంతోషించాను.

సంతోషించాల్సిన విషయం కాదది. ఈ బ్యాక్టీరియా గొంతులో ఉండదు, ముక్కు వెనక లోపలి గోడకున్న సన్నటి కేశాలున్న కణాలను పట్టుకుని ఉంటుంది. గొంతు నుంచి తీసిన శాంపిల్ ఈ టెస్టుకి పనికిరాదు. దూది స్వాబ్ కూడా వద్దంటారు, ఎందుకంటే దూదిలో ఉండే పదార్థాలు పీసీఆర్‌కి అడ్డుపడతాయి. పైగా ఆ బల్ల మీదే పిల్లలకు టీకాలు వేస్తున్నారు. కోరింత దగ్గు టీకాలు కొన్నింటిలో ఈ బ్యాక్టీరియా డీఎన్ఏ పీసీఆర్‌కి చిక్కేంత ఉంటుంది. అది బల్లకో గ్లౌజుకో అంటుకుని శాంపిల్‌లో పడితే లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ అందుకే టీకాలు వేసే చోటు, స్వాబ్ తీసే చోటు వేరువేరుగా ఉండాలంటుంది. ఇంత నాకు తెలిసి కూడా అక్కడ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. పిల్ల తల్లిగా నిలబడినప్పుడు చదువుకున్నది గుర్తుకు రాదు.

నాలుగో రోజు రిపోర్ట్ వచ్చింది. "బోర్డెటెల్లా పెర్టుసిస్: నాట్ డిటెక్టెడ్." ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అత్తమ్మ తప్ప. ఆ రాత్రి తొమ్మిది గీతలు. పాప నిద్రపోయాక ఆ రిపోర్ట్‌ను ఫోన్‌లో పెద్దది చేసుకుని మళ్ళీ చదివాను. అడుగున, సంతకం కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను: టార్గెట్ ఐఎస్481, అంటే ఆ టెస్టు వెతికిన డీఎన్ఏ ముక్క పేరు. అది చూడగానే లేచి కూర్చున్నాను. ఆ టార్గెట్‌తో చేసిన టెస్టు పారాపెర్టుసిస్ అసలు ఉందో లేదో చెప్పలేదు. వాళ్ళు వెతకని దానికి మేము నెగెటివ్ అనుకుని ధైర్యం తెచ్చుకున్నాం.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఈ రివ్యూ రాస్తున్నదే దీనికోసం. కోరింత దగ్గు అనగానే అందరూ ఒక్క బ్యాక్టీరియా పేరే చెబుతారు, బోర్డెటెల్లా పెర్టుసిస్. 1906లో బోర్డె, జెంగూ అనే ఇద్దరు దాన్ని బంగాళాదుంప, గ్లిజరిన్, రక్తం కలిపిన ఆహారం మీద పెంచారు. కానీ అచ్చం అలాంటి దగ్గునే తెచ్చే దాయాదులు దానికున్నాయి. మొదటిది పారాపెర్టుసిస్. 1930లలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్ ఊళ్ళో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు మహిళలు పగలంతా ల్యాబ్ డ్యూటీ చేసి, సాయంత్రం కిరోసిన్ లాంతర్ల వెలుగులో ఇళ్ళకు వెళ్ళి, దగ్గే పిల్లల నోటి ముందు ప్లేట్లు పట్టుకుని ఆ తుంపర్లు సేకరించేవారు. అప్పుడు ఆర్థిక మాంద్యం కాలం, వాళ్ళు వెళ్ళిన ఇళ్ళు చాలావరకు పేదిళ్ళే. అలా తెచ్చిన ప్లేట్లలో కొన్నింటి మీద బ్యాక్టీరియా మామూలుకన్నా త్వరగా పెరిగి చుట్టూ గోధుమరంగు వదలడం చూసి, ఇది పెర్టుసిస్ కాదు, దానికి దగ్గరి మరొకటి అని 1938లో వేరే పేరు పెట్టారు. టీకాను మెరుగుపరచడానికి వీళ్ళు పడిన కష్టం మా క్లాసులో ప్రతి ఏడూ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది.

ఇంకొకటి హోల్మెసీ, దీన్ని 1995లో వేరే జాతిగా గుర్తించారు. మొదట్లో ప్లీహం లేనివాళ్ళ రక్తంలోనే ఎక్కువగా దొరికేది, తరువాత దగ్గే వాళ్ళ ముక్కుల్లోనూ దొరికింది. బ్రాంకిసెప్టికా అని నాలుగోది ఉంది, అది కుక్కలకు, పందులకు దగ్గు తెస్తుంది, మనుషులకు అరుదు.

2003లో పెర్టుసిస్, పారాపెర్టుసిస్, బ్రాంకిసెప్టికా మూడింటి జన్యుక్రమాలనూ కలిపి చదివారు. బ్రాంకిసెప్టికాది సుమారు 53 లక్షల డీఎన్ఏ అక్షరాలు, పారాపెర్టుసిస్‌ది 48 లక్షలు, పెర్టుసిస్‌ది 41 లక్షలు. బ్రాంకిసెప్టికా లాంటి పూర్వీకుల నుంచి ఆ రెండూ వేరువేరుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, మనిషి ముక్కులో కాపురం పెట్టాయి. పెద్ద మండువా ఇంట్లోంచి రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి మారేటప్పుడు అటకమీది సామాను వదిలేస్తాం కదా, అలా మనిషిలో బతకడానికి అక్కర్లేని జన్యువులను వదిలించుకున్నాయి. వదిలించుకోవడంలో పెర్టుసిస్ అందరికన్నా ముందుంది. అలా ముక్కలు ఊడిపోవడానికి ఒక కారణం డీఎన్ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే చిన్న ముక్కలు. వాటిలో ఐఎస్481 అనేది పెర్టుసిస్ ఒంట్లో 230కి పైగా చోట్ల ఉంటుంది. ల్యాబ్‌లు దీన్నే ఎందుకు వెతుకుతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒక్క బ్యాక్టీరియా ఉన్నా ఆ ముక్క రెండు వందల సార్లు దొరుకుతుంది, టెస్టు చాలా చురుగ్గా పట్టేస్తుంది.

కానీ ఆ చురుకుతనంతోనే చిక్కు. హోల్మెసీలో కూడా ఐఎస్481 కొన్ని కాపీలు ఉంటాయి, కాబట్టి హోల్మెసీ ఉన్నా పెర్టుసిస్ అని రిపోర్ట్ రావచ్చు. 2010, 2011లలో అమెరికా ఒహాయోలో దగ్గు వ్యాపించినప్పుడు రెండూ కలిసి తిరుగుతున్నాయని విడిగా వెతికితే గానీ తెలియలేదు. మా పాప కేసులో జరిగింది దీనికి తలకిందులు. పారాపెర్టుసిస్‌లో ఉండేది ఐఎస్481 కాదు, ఐఎస్1001 అనే వేరే ముక్క, ఓ ఇరవై కాపీలు. ఐఎస్481 కోసం వెతికే టెస్టుకి పారాపెర్టుసిస్ అసలు కనబడదు. ఆ పాత రిపోర్ట్ అబద్ధం చెప్పలేదు, అడిగినదానికే జవాబు చెప్పింది. కాకపోతే నెగెటివ్ అనే మాట పక్కన "పారాపెర్టుసిస్ చూడలేదు" అని ఒక్క లైను పెద్ద అక్షరాల్లో రాస్తే మా ఐదు వారాల బాబుని అదే వారం పాపకు దూరంగా పెట్టేవాళ్ళం. నా ఫిర్యాదు అదే, ఇంకేం లేదు.

ఇరవయ్యో రోజున హైదరాబాద్ తీసుకెళ్ళాం. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో బయోఫైర్ వాళ్ళ శ్వాసకోశ ప్యానెల్ చేస్తున్నారని ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈసారి ప్రశ్నలన్నీ అడిగాను, అవతల అమ్మాయికి తెలియకపోతే విసుక్కోకుండా లోపలికి కలిపింది. ఈ ప్యానెల్ ఒకేసారి 22 రకాల వైరస్‌లను, బ్యాక్టీరియాలను వెతుకుతుంది, మెషీన్‌లో పెట్టాక ముప్పావు గంటలో ఫలితం. నాకు కావలసింది అందులో రెండు లైన్లు: పెర్టుసిస్ ఒక లైను, పారాపెర్టుసిస్ ఇంకో లైను. పెర్టుసిస్‌కి టాక్సిన్ (అది వదిలే విషం) జన్యువు ముందుండే ప్రమోటర్‌ను, అంటే ఆ జన్యువును నడిపించే స్విచ్ లాంటి భాగాన్ని, పారాపెర్టుసిస్‌కి ఐఎస్1001ని వెతుకుతుంది.

శాంపిల్ తీసిన నర్సు గురించి రెండు మాటలు రాయకపోతే తప్పవుతుంది. ముందు పాపకు స్వాబ్ చూపించింది, తీగలా సన్నగా వంగే పుల్ల, చివర నైలాన్ కుచ్చు. "ఇది ముక్కులో చాలా లోపలికి పోతుంది, నొప్పి కాదు గానీ కళ్ళలో నీళ్ళొస్తయి, నేను పది లెక్కపెడతా, నువ్వు మనసులో లెక్కపెట్టు" అంది. పుల్లను ముక్కు నుంచి చెవి దాకా ఆనించి కొలిచి, ఎంత లోపలికి పోవాలో గోటితో గుర్తు పెట్టుకుంది. తలను కొంచెం వెనక్కి వాల్చి, పైకి కాకుండా తిన్నగా వెనక్కి పోనిచ్చి, తగలగానే ఆగి, మెల్లగా తిప్పుతూ పది లెక్కపెట్టి తీసింది. పాప కళ్ళనిండా నీళ్ళు, కానీ కదల్లేదు. అయిపోయాక నర్సు బ్యాగులోంచి చాక్లెట్ తీసి ఇచ్చింది. పని తెలిసిన చేయి ఎలా ఉంటుందో అక్కడ చూశాను. మొదటి చోట 5 సెకన్లలో తీసిన దూది పుల్లకీ దీనికీ పోలికే లేదు.

సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది. బోర్డెటెల్లా పెర్టుసిస్, నాట్ డిటెక్టెడ్. బోర్డెటెల్లా పారాపెర్టుసిస్, డిటెక్టెడ్. దానితోపాటు రైనోవైరస్/ఎంటెరోవైరస్ కూడా డిటెక్టెడ్. ఇలా రెండు పాజిటివ్‌లు వస్తే కంగారు పడకండి, జలుబు వైరస్ తగ్గాక కూడా వారాల తరబడి ముక్కులో దొరుకుతూనే ఉంటుంది, ఈ ప్యానెల్‌కి ఆ రెండు వైరస్‌లనూ విడదీయడం రాదు. గుక్క తిప్పుకోనివ్వని ఆ దగ్గు ఏ లైనుకి సరిపోతుందో డాక్టరే చూసి చెప్పాలి.

రిపోర్ట్ పంపాక ఆ ఆసుపత్రి మైక్రోబయాలజిస్ట్ స్వయంగా ఫోన్ చేశారు. మొదటి ప్రశ్నే "మీ ఇంట్లో కుక్క ఉందామ్మా?" మా ఆయన స్పీకర్‌లో విని నా మొహం చూశారు, దగ్గుకీ కుక్కకీ ఏం సంబంధం అన్నట్టు. నాకైతే ఆ ప్రశ్న వినగానే ఈ మనిషికి విషయం తెలుసని నమ్మకం కుదిరింది. కుక్కలకు దగ్గు తెచ్చే బ్రాంకిసెప్టికా రకాల్లో కొన్నింటిలో ఐఎస్1001 ఉంటుంది, దాన్ని కూడా ఈ ప్యానెల్ పారాపెర్టుసిస్ అనే చూపిస్తుంది. మా ఇంట్లో కుక్క లేదు, పాపకు రోగనిరోధకశక్తి తగ్గించే జబ్బేమీ లేదు, కాబట్టి ఇది పారాపెర్టుసిసే అనుకోవచ్చని చెప్పారు. సీబీపీ మామూలుగా రావడం కూడా దీనికే సరిపోతుందన్నారు. పైన చెప్తానన్న సంగతి ఇదే. పెర్టుసిస్ వదిలే టాక్సిన్ వల్లే రక్తంలో లింఫోసైట్లు విపరీతంగా పెరుగుతాయి. పారాపెర్టుసిస్‌లోనూ ఆ టాక్సిన్ జన్యువులు ఉన్నాయి, కానీ వాటిని నడిపించే ప్రమోటర్‌లో మార్పులు వచ్చి అవి పనిచేయవు. అందుకే దగ్గు అలాగే ఉన్నా రక్తపరీక్షలో ఏమీ కనబడదు, మొత్తమ్మీద జబ్బు కొంచెం తేలిగ్గా పోతుంది. కొన్ని అక్షరాల తేడా మా పాపను కాపాడింది, అదే తేడా డాక్టరు గారిని దారి తప్పించింది కూడా.

ఇక టీకాల సంగతి. రిపోర్ట్ చూడగానే మా మరిది "అన్ని టీకాలు వేయించినా వచ్చిందంటే ఇంక అవెందుకు" అన్నాడు, అదీ ఇంకొద్ది రోజుల్లో మొదటి డోసు వేయించాల్సిన బాబుని ఎత్తుకుని. ఆ మాట విని నాకు భయమేసింది. కూర్చోబెట్టి చెప్పాను. మన టీకా పెర్టుసిస్ మీద పనిచేయడానికి చేసింది. పారాపెర్టుసిస్ ఒంటి మీద ఓ-యాంటిజెన్ అనే చక్కెర గొలుసుల తొడుగు ఉంటుంది, పెర్టుసిస్‌కి అది లేదు. టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు ఆ తొడుగు దాటి పట్టుకోలేవు. అంటే టీకా ఓడిపోలేదు, ఇది దాని లిస్టులో లేని జబ్బు. బాబుకి ప్రాణాంతకమైంది పెర్టుసిస్ టాక్సిన్, దాన్ని ఆపేది ఆ టీకానే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే పెంటావాలెంట్‌లో ఉండేది మొత్తం కణంతో చేసిన టీకా, మన హైదరాబాద్‌లోనే బయొలాజికల్ ఇ, శాంతా బయోటెక్నిక్స్ లాంటి కంపెనీలు దాన్ని తయారుచేశాయి. జ్వరం వస్తుందని, తొడ వాస్తుందని చాలామంది దీన్ని వద్దని, నొప్పి తక్కువుండే ఎసెల్యులార్ టీకా వేయిస్తారు. అదీ మంచిదే, దేన్ని వేయించినా సంతోషమే. కానీ రెంటికీ ఒక తేడా ఉంది. ఎసెల్యులార్‌లో బ్యాక్టీరియావి కొన్ని ప్రొటీన్లే ఉంటాయి, చాలా బ్రాండ్లలో వాటిలో ఒకటి పెర్టాక్టిన్. ఆ టీకా ఎక్కువగా వాడిన దేశాల్లో పెర్టుసిస్ ఆ పెర్టాక్టిన్ జన్యువునే పాడుచేసుకుని తిరగడం మొదలుపెట్టింది, చాలాసార్లు ఆ పైన చెప్పిన ఐఎస్481 ముక్కే పోయి ఆ జన్యువు మధ్యలో దూరి కూర్చుంటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల నుంచి తీసిన ఇలాంటి రకాలను 2013లో ప్రకటించారు, ఇప్పుడు అక్కడ ఎక్కువ శాతం అవే. బాబుకి ఆరు వారాలు నిండిన వారమే టీకా పడింది. మరిదే దగ్గరుండి తీసుకెళ్ళాడు.

మందు విషయానికొస్తే పాపకు అజిత్రోమైసిన్ 5 రోజులు ఇచ్చారు. మూడు వారాలు దాటాక మందుతో దగ్గు త్వరగా తగ్గదు, ఇంకొకరికి అంటకుండా ఆపడానికే ముఖ్యంగా ఇస్తున్నాను అని డాక్టరు ముందే చెప్పారు. అలా ముందే చెప్పడం వల్ల రోజూ "ఇంకా తగ్గలేదేంటి" అని మందును తిట్టుకోకుండా ఉన్నాం. పాపను పై పోర్షన్‌కి వెళ్ళనివ్వలేదు. మెట్ల మీద కూర్చుని తమ్ముడితో వీడియో కాల్ మాట్లాడేది, పైన బాబు ఏడుపు మామూలుగానే వినిపిస్తుండగా. బాబుకి ఏమీ కాలేదు.

ఈ ప్యానెల్‌కి ఒక స్టార్ ఎందుకు తగ్గిస్తున్నానంటే, ఇది పేరు చెప్పి ఊరుకుంటుంది. మందు పనిచేస్తుందో లేదో చెప్పదు. పెర్టుసిస్‌లో 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, అజిత్రోమైసిన్ వర్గం మందులేవీ పనిచేయవు. చైనాలో అలాంటి రకాలు బాగా పెరిగిపోయాయి, జపాన్‌లోనూ దొరుకుతున్నాయి. మందు వేసినా బ్యాక్టీరియా పోవడం లేదని అనుమానమొస్తే కల్చర్ పెట్టాలి (అంటే బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి చూడాలి), లేదంటే ఆ మార్పును వెతికే వేరే టెస్టు చేయాలి, అప్పుడు మందు మార్చాలి. రోజుల్లో పెరిగే కల్చర్ ముప్పావు గంట మెషీన్ ముందు పాతకాలపు పనిలా కనిపిస్తుంది గానీ, ప్లేటు మీద బ్యాక్టీరియా బతికి ఉంటేనే దాని జన్యుక్రమం మొత్తం చదవగలం, మన దగ్గర ఏ రకాలు తిరుగుతున్నాయో తెలుసుకోగలం. ప్రతి ల్యాబూ పీసీఆర్‌తో ఆపేస్తే ఆ బ్యాక్టీరియా ఎవరి చేతికీ చిక్కదు. నాకు ఈ విషయంలో నిజంగా బాధగా ఉంది. ఇంకో చిన్న మైనస్: పెర్టుసిస్ లైనుకి ఈ ప్యానెల్ వెతికే ప్రమోటర్ ఒక్క కాపీనే ఉంటుంది కాబట్టి, 230 కాపీలున్న ఐఎస్481 టెస్టంత చురుగ్గా తక్కువ బ్యాక్టీరియాను పట్టలేదు. దగ్గు మొదలై నాలుగు వారాలు దాటాక వెళితే ఏ పీసీఆర్ అయినా తప్పిపోయే అవకాశం ఎక్కువ. ఇంట్లో నెలల పిల్లలుంటే మూడో వారం లోపే వెళ్ళండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి.

డబ్బు గురించి ఇంకో మాట. అందరికీ 13,000 అక్కర్లేదు. కొన్ని ల్యాబ్‌లలో ఐఎస్481, ఐఎస్1001 రెంటినీ కలిపి వెతికే చిన్న బోర్డెటెల్లా పీసీఆర్ దొరుకుతుంది, మీకు అనుమానం ఈ దగ్గు ఒక్కదాని మీదే అయితే అది సరిపోతుంది, మా ఊరికి దగ్గర్లో దొరక్క మేము పెద్దదానికి పోయాం. ఇన్సూరెన్స్‌లో రాలేదు, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తామన్నారు.

ఈ రోజుకి యాభై రెండో రోజు. రాత్రి ఒక్కసారే లేచింది, వాంతి లేదు. అత్తమ్మ పొద్దున్నే క్యాలెండర్ దగ్గర నిలబడి ఒక గీత పెట్టి, పెన్సిల్ చెవిలో పెట్టుకుని, "నేను చెప్పిన కదా కోరింత దగ్గని" అంది. అవునత్తమ్మా అన్నాను. ప్యానెల్‌కి 5కి 4, ఆ నర్సుకి, ఫోన్ చేసిన డాక్టరు గారికి 5కి 5.